నలుగురూ కూర్చునే గదిలో ఫోన్లు పెట్టెలో పెట్టమంటే తప్పా?

ఒంటరిబెంచి · శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఒక చిన్న చదువు గదిని చూసుకునే కమిటీలో నేనూ ఒకణ్ని. మాకు రెండు గదులున్నాయి. లోపలిది చదువుకోవడానికి, అక్కడ మాటలు వద్దని బోర్డు ఉంది. బయటి గదిలో పెద్ద బల్ల, పన్నెండు కుర్చీలు, వచ్చినవాళ్లు కాసేపు పిచ్చాపాటీ మాట్లాడుకుంటారని వేశాం. ఇప్పుడు బోర్డు అవసరం లేకుండానే రెండు గదులూ నిశ్శబ్దంగా ఉంటున్నాయి.

మొన్న సాయంత్రం లెక్కపెట్టాను. బల్ల చుట్టూ తొమ్మిది మంది, తొమ్మిది ఫోన్లు. ఒకాయన పక్కాయన్ని ఏదో అడగబోయి నోరు తెరిచారు. అంతలో గుర్తొచ్చినట్టుంది, తన ఫోన్ తిప్పి టైమ్ చూసుకుని మళ్లీ తల వంచేశారు. పక్కాయన చేతికి వాచీ ఉంది!

కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చింది. బయటి గదిలో రోజూ సాయంత్రం 5 నుంచి 6 వరకు ఫోన్లు తలుపు దగ్గర పెట్టెలో పెట్టాలి. సగం మంది సరే అన్నారు, సగం మంది మొహం చిట్లించారు. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఫ్రాన్స్‌లో సెన్-పోర్ అనే ఊళ్లో 2024 ఫిబ్రవరిలో వీధుల్లో, దుకాణాల్లో, బడి ముందు స్మార్ట్‌ఫోన్ చూడొద్దని ఏకంగా ఓటింగ్ పెట్టారట. 146 మంది సరేనంటే 126 మంది వద్దన్నారు. అంటే అక్కడా ఊరు రెండుగా చీలినట్టే.

మీరేమంటారు? వద్దనేవాళ్లు ఎందుకు వద్దో కాస్త వివరంగా రాయండి. సరేననే వాదనలు మా కమిటీలో కావలసినన్ని విన్నాను.

---

తలకిందులు · శనివారం, ఉదయం 8:15

ఫోన్ లాక్కుంటే మాట్లాడుకుంటారని ఎవరు చెప్పారండీ మీకు? ఫోన్లు లేనప్పుడు రైళ్లలో జనం ఏం చేసేవాళ్లో గుర్తులేదా? పేపర్ మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్లు. పేపర్ లేనివాడు పక్కవాడి పేపర్ వెనక పేజీ చదివేవాడు. అదీ లేకపోతే నిద్ర నటించేవాడు. ఇప్పుడు మనం కలలు కంటున్న ఆ కబుర్ల స్వర్ణయుగం ఎప్పుడు నడిచిందో నాకైతే తెలీదు.

---

నిద్రలేనిరాత్రి · శనివారం, ఉదయం 9:02

నేను వద్దనేవాళ్లలో ఉన్నాను, కారణం చెబుతాను. మా అమ్మ మంచంలో ఉంది. నేను బయటికి వెళ్లే ఆ ఒక్క గంటా పక్కన కూర్చునే అమ్మాయి దగ్గర నా నంబర్ ఉంటుంది. ఫోన్ జేబులో ఉంటేనే నేను గడప దాటగలను. పెట్టెలో పెట్టమంటే అసలు రాను. మీ గది దృష్టిలో నేను ఫోన్‌కి అతుక్కుపోయిన మనిషిని. నా దృష్టిలో ఆ ఫోన్ ఉండబట్టే నేను మనుషుల్లోకి వస్తున్నాను.

మరో మాట. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి చర్మానికి అతికించిన సెన్సార్ రీడింగ్ ఫోన్‌కే వస్తుంది, షుగర్ పడిపోతే అలారం దాన్నుంచే మోగుతుంది. పెట్టె తలుపు దగ్గరుండి మనిషి గది చివర ఉంటే ఏం లాభం?

---

సెక్షన్420 · శనివారం, ఉదయం 10:30

సెన్-పోర్ సంగతి సగమే చెప్పారు, మిగతా సగం నేను చెబుతా. అక్కడ ఓటు వేయడానికి వచ్చింది అర్హులైనవాళ్లలో అయిదో వంతు కాస్త పైచిలుకు. గెలిచాక కూడా అది చట్టం కాలేదు, ఒప్పందంలాంటి పత్రం మాత్రమే. వీధిలో ఫోన్ చూస్తున్నవాణ్ని పోలీసు ఆపి జరిమానా వేయడానికి లేదు. దుకాణాల మీద ఫోన్ బొమ్మకి అడ్డగీత కొట్టిన స్టిక్కర్లు పెట్టుకున్నారు, అంతే.

జపాన్‌లో యమాటో నగరం 2020 జులై నుంచి నడుస్తూ ఫోన్ చూడొద్దని ఆర్డినెన్స్ తెచ్చింది. దానికీ జరిమానా లేదు. అదే దేశంలో తొయొఅకె అనే ఊరు 2025 అక్టోబర్‌లో ఇంకో అడుగు ముందుకేసి, పనికీ చదువుకీ కాకుండా రోజుకి 2 గంటలు మించొద్దంది. దానికీ శిక్ష లేదు. ఈ వరసలో నిజంగా డబ్బు గుంజేది అమెరికాలోని హొనలూలూ నగరం ఒక్కటే. 2017 అక్టోబర్ నుంచి ఫోన్ చూస్తూ రోడ్డు దాటితే మొదటిసారి 15 నుంచి 35 డాలర్లు. అయితే ఆ గొడవంతా కారు కింద పడకుండా ఉండటానికే. పక్కవాడితో మాట్లాడమని కాదు.

నాకు అర్థమైంది ఇది: ప్రాణం పోతుందంటే ప్రభుత్వం జరిమానా వేస్తుంది, మనసు పాడవుతుందంటే స్టిక్కర్ అంటిస్తుంది. మీ చదువు గదికి పోలీసులెలాగూ లేరు కాబట్టి మీదీ స్టిక్కర్ బాపతే. పెట్టె అనగానే జనం చెకింగ్ అనుకుంటారు. ఆ పేరు మార్చండి ముందు.

---

కొలతబద్ద · శనివారం, మధ్యాహ్నం 12:48

కాస్త పెద్ద పోస్ట్, ఓపికున్నవాళ్లు చదవండి. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు కొన్ని తిరగేశాను. రెండు వైపులవాళ్లూ తమకు నచ్చిన ముక్క మాత్రమే పట్టుకుని వాదిస్తున్నారు.

"ఫోన్ పాడు చేస్తోంది" అనేవాళ్ల చేతిలో ఉన్నవాటిలో గట్టివి రెండు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 300 మందికి పైగా స్నేహితులతో, ఇంట్లోవాళ్లతో కలిసి హోటల్లో భోంచేశారు. కొందరిని ఫోన్లు బల్లమీద ఉంచమన్నారు, కొందరిని తీసేయమన్నారు. ఫోన్లు బల్లమీదున్నవాళ్ల ధ్యాస ఎక్కువ చెదిరింది, ఆ భోజనంలో ఆనందం తక్కువ దక్కింది. 2019లో ఇంకొకటి వచ్చింది. ముక్కూమొహం తెలియని ఇద్దర్ని వెయిటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి, వాళ్లు ఎన్నిసార్లు నవ్వారో చూశారు. ఫోన్లు చేతిలో ఉన్న జంటలు తక్కువ నవ్వారు. ఆ నవ్వుల్లోనూ కళ్లదాకా పాకిన అసలు నవ్వులు తక్కువే.

అయితే మొదటిదాంట్లో తేడా చిన్నది. ఫోన్ తీసేయగానే స్వర్గం, పెట్టగానే నరకం అన్నంత లేదు. 2013లో బాగా పేరొచ్చిన అధ్యయనం ఒకటుంది, బల్లమీద ఫోన్ ఊరికే పడి ఉన్నా చాలు, మాటల్లో దగ్గరితనం తగ్గిపోతుందని. తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. వాట్సాప్‌లో మాత్రం అది ఇంకా వేదవాక్కులా తిరుగుతోంది.

తలకిందులు గారికి పనికొచ్చేది కూడా ఒకటుంది. కీత్ హాంప్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం 1979-80 నాటి వీధుల, పార్కుల ఫిల్ములు తీసుకుని, అవే చోట్ల 2008-10లో మళ్లీ కెమెరాలు పెట్టింది. ఫోన్ వాడుతూ కనిపించినవాళ్లు అనుకున్నదానికంటే చాలా తక్కువ. వాళ్లలోనూ ఎక్కువమంది ఒంటరిగా ఉన్నవాళ్లే, గుంపులో ఉన్నవాళ్లు ఫోన్ తీయడం అరుదు. అయితే సంవత్సరం చూశారుగా, 2008-10. స్మార్ట్‌ఫోన్ ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. ఇప్పుడు అదే చోట కెమెరా పెడితే ఏం కనిపిస్తుందో ఊహించుకోవచ్చు.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం 2014లో వచ్చిన అధ్యయనం, షికాగోలో చేసినది. రోజూ రైలెక్కేవాళ్లలో కొందరిని పక్కనున్న కొత్త మనిషితో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు. ఊహించి చెప్పమని అడిగితే, మాట్లాడితే ప్రయాణం అంత హాయిగా ఉండదని వేరే ప్రయాణికులు అన్నారు. తీరా మాట్లాడినవాళ్ల ప్రయాణమే హాయిగా గడిచింది. ఎదుటివాడికి మనతో మాట్లాడాలని లేదని మనమే తేల్చేసుకుంటాం. ఆయనా మన గురించి అదే అనుకుంటాడు. ఫోన్ లేకపోయినా ఈ మొహమాటం పోదు. ఫోన్ ఉంటే దాన్ని దాచుకోవడానికి మంచి చోటు దొరుకుతుంది.

కాబట్టి పెట్టె పెట్టి ఊరుకుంటే పని జరగదని నా అభిప్రాయం. మాట్లాడమని ఎవరో ఒకరు చెప్పాలి, లేదా మాట్లాడటానికి ఒక సాకు ఇవ్వాలి.

---

తలకిందులు · శనివారం, మధ్యాహ్నం 1:05

> షికాగోలో చేసినది

షికాగోలో వాళ్లని "మాట్లాడండి" అన్నారు, "ఫోన్ ఇచ్చేయండి" అనలేదు. నేను చెప్పేది కూడా అదేనండీ బాబూ.

---

పెదవులుచదువుతా · శనివారం, మధ్యాహ్నం 3:20

నాకు వినపడదు. ఎవరైనా నా ఎదురుగా నిలబడి తొందరలేకుండా మాట్లాడితే సగం పెదవులు చూసి పట్టుకుంటాను. మిగతా సగం నా ఫోన్ చెబుతుంది. 2019లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ వచ్చినప్పటి నుంచీ ఫోన్‌ని బల్లమీద మీ వైపు తిప్పి పెడతాను, మీరు మాట్లాడుతుంటే అక్షరాలు దానిమీద పడతాయి. బయటినుంచి చూసేవాళ్లకి నేనేం కనిపిస్తానో చెప్పనా? ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మర్యాద లేకుండా ఫోన్ చూసుకునే మనిషిని.

ఒకసారి ఒక సమావేశంలో పక్కనున్న పెద్దావిడ నా ఫోన్‌ని చేత్తో మూసి నవ్వుతూ ఏదో అన్నారు. "కాసేపు మాతో ఉండమ్మా" అన్నారని తర్వాత తెలిసింది. తర్వాత ఎందుకంటే, ఆ మాట రాసి చూపించాల్సిన తెరమీదే ఆవిడ చెయ్యి ఉంది.

నాలాంటివాళ్లకి మినహాయింపు ఇస్తామంటారు, తెలుసు. మినహాయింపు కావాలంటే నేను తలుపు దగ్గర నిలబడి నా చెవుల సంగతి ఒక వాలంటీర్‌కి వివరించుకోవాలి, అందరూ చూస్తుండగా, ప్రతిరోజూ. రూల్ రాసేముందు ఇదొక్కటి ఆలోచించండి.

---

ఒంటరిబెంచి · శనివారం, సాయంత్రం 4:11

అమ్మా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. ఇలాంటి కోణం మా కమిటీలో ఒక్కరికీ తట్టలేదు. కారణం అడక్కుండానే ఫోన్ ఉంచుకునే వీలుండాలని రేపు చెబుతాను.

---

పరీక్షలైపోయాయి · శనివారం, సాయంత్రం 5:37

నాకు 16 ఏళ్లు. ఈ టాపిక్ ఎక్కడ వచ్చినా "ఈ కాలం పిల్లలు" అని మొదలవుతుంది, ఇక్కడ ఇంకా అనలేదు, థాంక్స్. ఒక డౌట్. ఆ తొమ్మిది మందిలో నా వయసువాళ్లు ఎంతమంది సార్?

---

ఒంటరిబెంచి · శనివారం, సాయంత్రం 5:52

ఇద్దరు బాబూ. మిగతా ఏడుగురూ నా ఈడువాళ్లే. పట్టేశావు.

---

కిటికీసీటు · శనివారం, రాత్రి 9:14

ఇంతమంది మాట్లాడుకోవడం గురించే రాస్తున్నారు. పలకరింపు అందరికీ ఒకేలా ఉండదు. బస్సులో ఒంటరిగా కూర్చున్న ఆడదానికి పక్క సీటు మగాడి "ఎక్కడిదాకా?" అనే ప్రశ్న కబురా, టెన్షనా అన్నది ఆ క్షణంలో తేలదు. నేను కాల్ రాకపోయినా ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని "ఆఁ, ఇంకో పది నిమిషాల్లో దిగుతా, స్టాప్ దగ్గరికి వచ్చెయ్" అన్న రోజులు చాలా ఉన్నాయి. అవతల ఎవరూ లేరు. ఆ ఫోన్ నాకు తలుపు గడియ.

ఫోన్ తీసేయమన్నప్పుడు మీరు ఆ గడియ కూడా తీస్తున్నారు. దాని బదులు ఏమిస్తారు? "ఇక్కడ కూర్చున్నవాళ్లని కదపొద్దు" అనే కుర్చీ ఒకటైనా ఉండాలి ఆ గదిలో. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1963లోనే దీని గురించి రాశారు. కొత్తవాళ్ల మధ్య మనం ఒకసారి చూసి, నువ్వున్నావని గుర్తించి, చూపు తిప్పేసుకుంటాం. అది నిర్లక్ష్యం కాదు, మర్యాదే. ఊళ్లో నలుగురి మధ్య బతకాలంటే ఆ మర్యాద కావాలి. అందరూ అందరితో మాట్లాడే ఊరుంటే నేను మాత్రం అక్కడ ఉండలేను.

---

కొలతబద్ద · శనివారం, రాత్రి 9:40

కిటికీసీటు గారు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. చిన్న చేర్పు మాత్రం. ఆ చూసి చూపు తిప్పుకోవడానికైనా ఒకసారి తలెత్తాలి కదా! స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల మొదట్లో రైల్వే ప్లాట్‌ఫారం మీద రోజూ నిలబడేవాళ్ల ఫొటోలు తీయించి, వాళ్లకే చూపించి, వీళ్లలో ఎవర్ని గుర్తుపడతారని అడిగించారు. ఎప్పుడూ మాట్లాడని మనుషుల్ని సగటున నలుగుర్ని గుర్తుపట్టారు. మన భాషలో దానికి చక్కటి మాట ఉండనే ఉంది, ముఖపరిచయం. ఆ ముఖపరిచయస్తులే ఇంకో ఊళ్లో ఎదురుపడితే పలకరించుకుంటారని కూడా ఆయన రాశారు. నాకు భయం కబుర్లు పోతాయని కాదు. ఈ నలుగురు కూడా పోతారేమోనని.

---

చిల్లరలేదు · ఆదివారం, ఉదయం 6:55

నేను కౌంటర్‌లో పనిచేస్తాను. రోజుకి రెండొందల మందైనా వస్తారు. వాళ్లలో కొందరు ఫోన్ మాట్లాడుతూనే కాగితం నా ముందుకు తోస్తారు, వేలితో "ఇది" అని చూపిస్తారు, నేను ఏదైనా అడిగితే అరచెయ్యి ఎత్తి ఆగమంటారు. వెనక క్యూ ఆగుతుంది. నాకు ఎవరితోనూ గాఢమైన అనుబంధం అక్కర్లేదు. నా మొహం చూసి పేరు చెబితే చాలు. కౌంటర్ దగ్గర మాత్రం ఫోన్ వద్దని రూల్ పెడితే నా రెండు చేతులూ ఎత్తుతా.

మా దగ్గర బోర్డు ఉంది. బోర్డు ఫొటో తీసుకుని స్టేటస్‌లో పెట్టినవాళ్లు కూడా ఉన్నారు.

---

సెక్షన్420 · ఆదివారం, ఉదయం 9:20

ఒంటరిబెంచి గారూ, పెట్టెకి బదులు సంచీ పద్ధతి చూడండి. యాండర్ అనే కంపెనీ 2014 నుంచి కచేరీలకీ బడులకీ ఇస్తోంది. ఫోన్ సంచీలో పెట్టి తాళం పడేలా మూస్తారు, సంచీ మాత్రం మన దగ్గరే ఉంటుంది. అవసరమైతే బయటికొచ్చి అక్కడున్న అయస్కాంతానికి తాకిస్తే తెరుచుకుంటుంది. అదే కొనమని కాదు నా ఉద్దేశం. సొంత వస్తువు పరాయి పెట్టెలో ఉండటం వేరు, మన ఒళ్లో ఉండటం వేరు. మామూలు గుడ్డ సంచీ ఇచ్చినా సరిపోతుంది.

---

నిర్వాహకుడు · ఆదివారం, ఉదయం 11:00

బడుల్లో ఫోన్ నిషేధం మీద వచ్చిన ఆరు పోస్టుల్ని వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ అందరూ తిరిగే చోట్ల గురించి మాత్రమే.

---

ఒంటరిబెంచి · 24 రోజుల తర్వాత, రాత్రి 8:30

ఆలస్యానికి క్షమించండి. మూడు వారాలు చేసి చూశాక రాద్దామని ఆగాను.

మొదటి వారం పెట్టె పెట్టాం. (సంచీ సలహా వచ్చేసరికే కమిటీలో ఒకరు చెక్కతో చేయించేశారు, ఆయన మనసు నొప్పించలేకపోయాం.) కారణం అడగకూడదని, ఇష్టమైనవాళ్లే వేయాలని రూల్ రాశాం. మొదటి సాయంత్రం పదకొండు మందిలో ఆరుగురు వేశారు. తర్వాత జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆరుగురూ గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు. అది మునుపటి నిశ్శబ్దం కంటే ఘోరం. ఇద్దరు ఇరవై నిమిషాలకే లేచి, ఫోన్లు తీసుకుని వెళ్లిపోయారు. తలకిందులు గారూ, ఆ పూట మీరే గెలిచారు.

మూడో రోజు పెట్టెలో ఒక ఫోన్ మోగింది. నలుగురు ఒకేసారి లేచారు. నలుగురిదీ ఒకటే రింగ్‌టోన్, ఫోన్‌తో వచ్చినదే, ఎవరూ మార్చుకోలేదు. పెట్టె తెరిస్తే మోగుతున్నది ఆ నలుగురిదీ కాదు, ఇంకా కుర్చీలోనే కూర్చుని నవ్వుతున్న అయిదో ఆయనది. "నాకు కాస్త చెవుడు, మోగినట్టే తెలీలేదు" అన్నారు. ఆ గదిలో అందరూ కలిసి నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ రోజు ఆరు దాటినా నలుగురు కదల్లేదు.

కొలతబద్ద గారు అన్న సాకు గుర్తొచ్చి, రెండో వారం బల్ల మధ్యలో ఒక చెస్ బోర్డు, పెద్ద అట్టమీద గళ్లనుడికట్టు పెట్టాం. ఏం చెప్పమంటారు! అడ్డం 14 దగ్గర పడిన పోట్లాట లోపలి గదికి వినపడి, అక్కడ చదువుకుంటున్నవాళ్లు వచ్చి మందలించారు. గడియారం వైపు ఎవరూ చూడలేదు.

కిటికీ పక్క మూడు కుర్చీలు విడిగా వేశాం. "ఇక్కడ కూర్చున్నవాళ్లని దయచేసి పలకరించవద్దు. ఫోన్ వారిష్టం." ఆ కుర్చీలు దాదాపు రోజూ నిండుతున్నాయి. బల్ల దగ్గర కూడా ఫోన్ ఉంచుకున్నవాళ్లని ఎవరూ ఏమీ అనకూడదని వాలంటీర్లకి గట్టిగా చెప్పాం. ఒక వాలంటీర్ రెండుసార్లు మర్చిపోయి అడిగాడు. మూడోసారి ఆయన్ని పుస్తకాలు సర్దే పనికి మార్చాం.

నష్టం కూడా చెప్పాలి. ఇంతకుముందు రోజూ వచ్చే ఇద్దరు ఆ గంటలో రావడం మానేశారు. ఒకతను ఆరు దాటాక వస్తున్నాడు, రెండో అతను ఎందుకు మానేశాడో తెలీదు. మొత్తంమీద ఆ గంటలో వచ్చేవాళ్లు కాస్త తగ్గారు. పెట్టెలో ఫోన్ వేసేవాళ్లు రోజుకి ముగ్గురు, నలుగురే. మిగతావాళ్లు జేబులోనే ఉంచుకుంటున్నారు, తీయడం మాత్రం తగ్గింది.

---

నిద్రలేనిరాత్రి · 24 రోజుల తర్వాత, రాత్రి 9:05

> ఫోన్ ఉంచుకున్నవాళ్లని ఎవరూ ఏమీ అనకూడదని

ఇలాగైతే నేను వస్తానండీ.

---

తలకిందులు · 24 రోజుల తర్వాత, రాత్రి 9:18

అంటే పని చేసింది పెట్టె కాదు, చెస్ బోర్డు. ఫోన్లు అందరి చేతుల్లోనే ఉంచి బోర్డు ఒక్కటే పెట్టి చూశారా?

---

ఒంటరిబెంచి · 24 రోజుల తర్వాత, రాత్రి 9:31

చూడలేదు. న్యాయమైన ప్రశ్న. వచ్చే వారం పెట్టె తీసేసి చూస్తాం. చేయించిన ఆయనకి మీరే చెప్పాలి.

---

పెదవులుచదువుతా · 24 రోజుల తర్వాత, రాత్రి 9:44

గళ్లనుడికట్టు గోడకి పెట్టండి, బల్లమీద కాదు. బల్లమీదుంటే అందరూ తల వంచి మాట్లాడతారు, నాకు పెదవులు కనపడవు.

---

ఒంటరిబెంచి · 24 రోజుల తర్వాత, రాత్రి 9:47

రేపే మారుస్తాం అమ్మా.

---

పరీక్షలైపోయాయి · 24 రోజుల తర్వాత, రాత్రి 10:20

సార్, చెస్ ఎవరైనా ఆడొచ్చా, పెద్దవాళ్లకేనా?

---

ఒంటరిబెంచి · 24 రోజుల తర్వాత, రాత్రి 10:26

ఎవరైనా రావచ్చు బాబూ. నల్ల గుర్రం ఒకటి పోయింది, సీసా మూత పెట్టి ఆడుతున్నాం. నీ దగ్గర ఉంటే పట్టుకురా.